కంప్యూటరుకు పడుగు: ఫ్లాపీ డిస్కుల చరిత్ర

సిరిసిల్లలో మరమగ్గమును సాంచె అందురు. మానేరు ఒడ్డున ఉన్న ఆ పట్టణములో నేతవారి వీధులలో నడచువారికి సాంచెల చప్పుడు ఎడతెగక వినబడును. ఆ చప్పుడు విన్నవారికి గుడ్డనంతయు మగ్గమే నేయుచున్నదని తోచును. నేతగానిని అడిగినచో వేరుమాట చెప్పును. నాడె మొదటిసారి కదలుటకు ముందే జరుగవలసిన పని చాల ఉన్నది. పడుగు పోసి బీమునకు చుట్టవలెను. నూలుకు గంజి పట్టించవలెను. పోగు వెంట పోగుగా అచ్చులో నుండి లాగవలెను. వేల పోగులలో ఒక్కటి తప్పు సందులో దూరినను ఆ తప్పు గుడ్డ పొడవునా గీతవలె కానవచ్చును.

కంప్యూటరుకు కూడ ఇట్టి ముందుపని ఒకటి కలదు. కొత్తగా అమర్చిన కంప్యూటరులో విద్యుత్తు ప్రవహించును, దీపములు వెలుగును. అంతకు మించి అది ఏమియు చేయజాలదు. మీటలు నొక్కిన అక్షరములను గ్రహించుటకు, తెరపై వ్రాయుటకు, వ్రాసినదానిని దాచుటకు దానికొక నిర్వహణ వ్యవస్థ కావలెను. దీనినే ఆపరేటింగ్ సిస్టము అందురు. దానిని యంత్రములోనికి ఎక్కించు పని 1970వ దశకము మొదలుకొని ఇంచుమించు 30 సంవత్సరముల పాటు ఫ్లాపీ అను పలుచని బిళ్ళ ద్వారా జరిగినది. ఇప్పటి విద్యార్థులలో చాలమంది ఫ్లాపీని కంటితో చూచి యుండరు. వ్రాసినదానిని దాచుటకు తెరపై నొక్కు చిన్న చతురస్రపు బొమ్మ దాని చిత్రమే.

నేతకును కంప్యూటరుకును గల పోలిక కేవలము మాటల పోలిక కాదు. చరిత్రలో వీటికి చుట్టరికమే ఉన్నది. ఫ్రాన్సులోని లియాన్ నగరము పట్టునేతకు పేరు పొందినది. అక్కడ 1725లో బూషాన్ అనునతడు కాగితపు చుట్టకు రంధ్రములు చేసి, ఏ పోగులు లేవవలెనో ఆ రంధ్రముల ద్వారా మగ్గమునకు తెలుపవచ్చునని చూపినాడు. 1728లో ఫాల్కన్ ఆ కాగితమునకు బదులు దళసరి అట్టలను దారముతో గుచ్చి వాడినాడు. 1745లో వోకాన్సన్ ఈ ఏర్పాటును మగ్గము మీదికే తెచ్చినాడు. వీరందరి పనిని కలిపి 1804లో జోసెఫ్ మరీ జకార్డు సమర్థమైన సాధనమును నిర్మించినాడు. మన నేతవారు నేటికిని దానిని జకార్డు అనియే పిలుతురు. ఫ్రెంచి ఇంజనీర్ల చేతిపని జగిత్యాల వారికి కొత్తది కాదు. జగిత్యాలలోని నక్షత్రాకారపు కోటను వారి ఆధ్వర్యముననే 1747లో కట్టినారు. అప్పటికి జకార్డు ఇంకను పుట్టలేదు.

జకార్డు అట్టలో రంధ్రమున్నచోట సూది దూరును, లేనిచోట ఆగును. అనగా ప్రతి స్థానమునకు రెండే స్థితులు. ఇంగ్లండులో 1830వ దశకములో బాబేజి తన లెక్కల యంత్రమునకు ఈ అట్టలనే ఎన్నుకొన్నాడు. అమెరికాలో 1890 నాటి జనాభా లెక్కలను హోలరిత్ రంధ్రముల అట్టల సాయముతో కూడించినాడు. కంప్యూటర్లు వచ్చిన తరువాత చిరకాలము వాటికి ఆజ్ఞలు అట్టల మీదను, రంధ్రముల కాగితపు పట్టీల మీదను అందినవి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అట్టలను చదువుట కూడ కంప్యూటరు చేయవలసిన ఒక పని. ఏ పనికైనను దానికి ఆజ్ఞ కావలెను. మరి అట్టలను చదువుమను ఆజ్ఞను అది ఎక్కడ చదువవలెను? పెట్టె తాళపుచెవి పెట్టెలోనే ఉండిపోయినట్లు ఉన్నది ఈ స్థితి. ఆ కాలపు చిన్న కంప్యూటర్లలో అనేకమునకు ముందుభాగమున వరుసగా స్విచ్చులు ఉండెడివి. పనివాడు వాటిని పైకి క్రిందికి త్రిప్పుచు, కొద్దిపాటి ఆజ్ఞలను చేతితోనే జ్ఞాపకశాలలోనికి ఎక్కించెడివాడు. ఆ కొద్ది ఆజ్ఞలు కాగితపు పట్టీని చదువుట నేర్పును. పట్టీలోని ఆజ్ఞలు మిగిలినదంతయు నేర్పును. తన బూటు పట్టీలను తానే లాగి పైకి లేచినట్లున్నదని ఆంగ్లములో దీనికి బూట్ అను పేరు పెట్టినారు. ఒక్క స్విచ్చి తప్పినను మరల మొదటికి రావలసినదే.

ఫ్లాపీ పుట్టినది ఈ చిక్కును తీర్చుటకే. ఉత్తరములు, లెక్కలు దాచుకొనుటకు దానిని కనిపెట్టినారని చాలమంది అనుకొందురు. అది తరువాతి మాట. ఐ.బి.ఎం. సంస్థ తన పెద్ద కంప్యూటర్లలో లోపలి ఆజ్ఞలను నిలుపు భాగమును అర్ధవాహకములతో నిర్మింప దలచినది. అవి వేగముగా పనిచేయును గాని, విద్యుత్తు ఆగగానే తమలోనిదంతయు మరచిపోవును. కాబట్టి యంత్రమును నడుపు ప్రతిసారి ఆ ఆజ్ఞలను మరల ఎక్కించు చౌకయైన సాధనము కావలసివచ్చినది. ఆజ్ఞలలో మార్పు చేసినపుడు కొత్త ప్రతిని టపాలో పంపుటకు కూడ అది తగియుండవలెను. 1967లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో అలన్ షుగార్ట్ క్రింద పనిచేయు డేవిడ్ నోబుల్ అను ఇంజనీరుకు ఈ పని అప్పగించినారు.

నోబుల్ బృందము మొదట టేపులను చూచి కాదనుకొన్నది. చివరకు అయస్కాంత గుణము గల ఇనుప ఆక్సైడును పూసిన పలుచని పాలియెస్టరు బిళ్ళ మీద నిలిచినది. సిరిసిల్ల సాంచెల మీద చీరలుగా, చొక్కా గుడ్డగా నేయబడు పాలియెస్టరు నూలు ఏ పదార్థముతో చేసినదో ఆ బిళ్ళయు ఆ పదార్థముతో చేసినదే. దుమ్ము మాత్రము వారిని చాల బాధించినది. బిళ్ళ మీద పడిన నలుసు చదువు సాధనమునకు అడ్డుపడి వ్రాతను చెరచెడిది. అందుకు వారు బిళ్ళను ఒక సంచిలో పెట్టి, సంచి లోపలి వైపున మెత్తని గుడ్డను అంటించినారు. బిళ్ళ తిరుగుచున్నంతసేపు ఆ గుడ్డ దానిని తుడుచుచునే ఉండును. పోగులు ఊడి నలుసులు రాకుండుటకై అది నేసిన గుడ్డ కాదు, పీచును అదిమి చేసిన గుడ్డ! 1971లో వెలువడిన ఆ తొలి ఫ్లాపీ వ్యాసము 8 అంగుళములు. దానిలో పట్టినది సుమారు 80 కిలోబైట్లు, అనగా సుమారు 80 వేల అక్షరములు. కంప్యూటరు దానిని చదువగలదే కాని దానిపై వ్రాయజాలదు. ఆజ్ఞలను ఎక్కించుటకు అంతకంటె అక్కరలేదు గదా. వ్రాయుటకు కూడ వీలైనవి ఐ.బి.ఎం. నుండి 1973లో వచ్చినవి.

తరువాతి చరిత్ర త్వరగా నడచినది. 1976లో షుగార్ట్ స్థాపించిన సంస్థ 5.25 అంగుళముల ఫ్లాపీని, 1981లో సోనీ సంస్థ గట్టి డొప్ప గల 3.5 అంగుళముల ఫ్లాపీని తెచ్చినవి. అదే 1981లో ఐ.బి.ఎం. వారి వ్యక్తిగత కంప్యూటరు వెలువడినది. దాని నిర్వహణ వ్యవస్థ యావత్తు 160 కిలోబైట్ల ఫ్లాపీ ఒక్కదానిలో ఇమిడినది. 1987 నాటికి 3.5 అంగుళముల బిళ్ళలో 1,440 కిలోబైట్లు పట్టినవి. దీనినే 1.44 మెగాబైట్లు అని వ్యవహరించినారు. ఈ లెక్క కొంత వింతది. కిలోబైటుకు 1,024 చొప్పున ఎంచి, అట్టి వేయి కిలోబైట్లను మెగాబైటు అన్నారు. ఒకే సంఖ్యలో రెండు కొలతలు కలిసినవి.

అట్టి బిళ్ళను నిర్వహణ వ్యవస్థ కొరకు సిద్ధపరచుట ఎట్లో చూతము. మొదటి పని ఫార్మాట్ చేయుట. కొత్త బిళ్ళ మీద గుర్తులేవియు లేవు. అది పడుగు లేని మగ్గము వంటిది. ఫార్మాట్ చేయునపుడు యంత్రము బిళ్ళకు ఒక్కొక్క ముఖమున 80 వలయములను ఏర్పరచి, ప్రతి వలయమును 18 ఖండములుగా విభజించును. వలయమును ట్రాకు అనియు, ఖండమును సెక్టారు అనియు అందురు. ప్రతి సెక్టారుకు ముందు అది ఎన్నవ వలయములో ఎన్నవ ఖండమో చిరునామా వ్రాయబడును. సెక్టారులో 512 బైట్లు పట్టును. రెండు ముఖములు, 80 వలయములు, 18 ఖండములు, 512 బైట్లు, వీటిని హెచ్చించినచో 14,74,560 బైట్లు వచ్చును. నిజమునకు ఆ బిళ్ళ మీద 2 మెగాబైట్ల వరకు వ్రాయు చోటున్నది. చిరునామాలకు, నడిమి ఖాళీలకు తక్కినది ఖర్చగును.

రెండవ పని వ్రాయుట. దీనిలో ఒక మెలకువ ఉన్నది. కంప్యూటరును ప్రారంభించు డిస్కును మామూలు దస్త్రముల వలె నకలు చేసిన చాలదు. విద్యుత్తు రాగానే కంప్యూటరులో చెరగని జ్ఞాపకశాలలో ఉన్న చిన్న కార్యక్రమము లేచి, ఫ్లాపీలోని మొట్టమొదటి సెక్టారును మాత్రము చదువును. అందులోని 512 బైట్లను జ్ఞాపకశాలలో ఒక నియమిత స్థానమున నిలిపి వాటికి పగ్గములు అప్పగించును. ఆ 512 బైట్లే తక్కిన వ్యవస్థను లోనికి పిలుచును. పూర్వము స్విచ్చులతో పనివాడు చేసిన పనియే ఇది. కాబట్టి మొదటి సెక్టారులో ఉండవలసినది సరిగా మొదటి సెక్టారులోనే ఉండవలెను. ఇందుకై డిస్కు యొక్క పూర్తి ప్రతిబింబమును సెక్టారు వెంట సెక్టారుగా వ్రాయు రారైట్, డీడీ వంటి కార్యక్రమములను వాడిరి. ఈ మొదటి సెక్టారునే కొందరు దుర్వినియోగము చేసినారు. 1986లో లాహోరులో ఇద్దరు సోదరులు వ్రాసిన బ్రెయిన్ అను వైరసు దానిలోనే దాగి, డిస్కు నుండి డిస్కుకు ప్రాకి దేశదేశములకు వ్యాపించినది.

మూడవ పని తనిఖీ. దీనిని తొందరలో వదలివేసినవారే ఎక్కువ. వారే ఎక్కువ కష్టపడినవారును. ప్రతి సెక్టారు చివర ఒక తనిఖీ సంఖ్య ఉండును. దానిని సెక్టారులోని 512 బైట్ల నుండి ఒక సూత్రము ప్రకారము గణించి వ్రాయుదురు. చదువునపుడు మరల గణించి, రెండును సరిపోనిచో యంత్రము తప్పు ఉన్నదని చెప్పును. తప్పును దిద్దుట మాత్రము దానికి రాదు.

ఒక్క డిస్కు అయినచో ఇది పెద్ద సమస్య కాదు. నిర్వహణ వ్యవస్థలు పెరిగినవి. 1995లో వచ్చిన విండోస్ 95ను ఫ్లాపీల మీద కొన్నవారికి 13 డిస్కులు అందినవి. ఒక్కొక్క వలయములో 18కి బదులు 21 సెక్టారులను ఇరికించినందువలననే ఆ సంఖ్య అంతటితో ఆగినది. హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్సును ఎవరైనను ఉచితముగా తీసికొని, నకలు చేసి, ఇతరులకు ఇయ్యవచ్చును. ప్యాట్రిక్ వోల్కర్డింగ్ 1993 జూలైలో దానిని స్లాక్‌వేర్ అను పేరుతో కూర్చగా అది 24 ఫ్లాపీలైనది. కొనువారు డబ్బాలో వచ్చినవానిని వాడుకొనెడివారు. లినక్సు కోరువారు డిస్కులన్నిటిని తామే సిద్ధపరచుకొనవలసి వచ్చెడిది.

విద్యార్థులు ఇక్కడ ఒక లెక్క వేసి చూడవచ్చును. నూరు ఫ్లాపీలలో ఒకటి చెడునని అనుకొందము. ఒక ఫ్లాపీ మంచిదగుటకు సంభావ్యత 0.99. ఇరువదినాలుగును మంచివగుటకు 0.99ను తనతో తాను 24 మార్లు హెచ్చించవలెను, 0.79 వచ్చును. అనగా అయిదు ప్రయత్నములలో ఒకటి విఫలము. నూటికి రెండు చెడునన్నచో ఫలితము 0.62కు దిగును. సరకు నూటికి 98 పాళ్ళు మంచిదైనను ఇంచుమించు అయిదింట రెండు మార్లు పని చెడును! అయిదవ డిస్కు చెడినచో కొంత నయము. ఇరువదిమూడవది చెడినపుడే బాధ తెలియును.

ఈ లెక్క మహానగరములలో ఉన్నవారికి ఒక విధముగను, జగిత్యాల, కోరుట్ల వంటి పట్టణములలో ఉన్నవారికి మరియొక విధముగను వర్తించినది. హైదరాబాదులో 1967లోనే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది; అక్కడ కంప్యూటర్ల విద్య ముందే వేళ్ళూనినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు కరీంనగరు జిల్లాలోనివి. 2016 అక్టోబరులో మాత్రమే జగిత్యాలయు సిరిసిల్లయు జిల్లా కేంద్రములైనవి. మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది, అదియు ఆరంభమున మహానగరములలోనే. చిన్న పట్టణమువారు దానిని అందుకొనవలెనన్న దూరపు టెలిఫోను ఖర్చు భరించవలెను. సెకనుకు 9,600 బిట్ల చొప్పున వచ్చు తీగ మీద ఒక్క ఫ్లాపీలోని సమాచారము దిగుటకు 20 నిమిషములు పైబడును. 24 ఫ్లాపీలకు 8 గంటలు దాటును. నడుమ తీగ తెగనిచో మాట ఇది.

అట్టి పరిస్థితిలో ఆర్టీసీ బస్సు మేలు. హైదరాబాదు నుండి జగిత్యాలకు బస్సులో అయిదు గంటల ప్రయాణమనుకొందము. సంచిలో 24 ఫ్లాపీలున్నచో అవి మోయు సమాచారము సుమారు 3 కోట్ల 54 లక్షల బైట్లు. బైటుకు 8 బిట్ల చొప్పున గుణించి, 18,000 సెకన్లతో భాగించినచో సెకనుకు 15,700 బిట్లు పైగా వచ్చును. నాటి టెలిఫోను తీగ కంటె ఎర్రబస్సే వేగవంతమైన సమాచార సాధనము!

ఆ బస్సు చేరినపిమ్మట ఒక డిస్కు చదువబడనిచో మాత్రము మరల అయిదు గంటలు వెనుకకు పోవలెను. కోరుట్ల వారికి మరికొంత దూరము ఎక్కువ. జగిత్యాల నుండి నిజామాబాదు పోవు 63వ జాతీయ రహదారి మీద ఆ పట్టణము ఉన్నది. డిస్కు చెడుటకు కారణములు తక్కువ కాదు. ఈ ప్రాంతమున వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు; బస్సు కిటికీ ప్రక్కన పెట్టిన బిళ్ళ వంకర పోవచ్చును. రేడియో స్పీకరులోని అయస్కాంతము సోకిన వ్రాత చెరగును. సాంచెల నడుమ గాలిలో తేలు నూలు పీచు వంటిది డ్రైవులో చేరినచో, నోబుల్ బృందమువారు పెట్టిన గుడ్డ కూడ దానిని తుడువలేదు.

అన్నిటికంటె మోసకరమైనది మరియొకటి. వలయములు ఒకదానికొకటి మిల్లీమీటరులో అయిదవ వంతు కంటె దగ్గరగా ఉండును. వ్రాసిన డ్రైవులోని తల కొంచెము ప్రక్కకు జరిగియున్నచో వలయములు కూడ ఆ మేరకు జరిగియే పడును. ఆ డ్రైవులో తనిఖీ చేసిన అంతయు సరిగానే కనబడును, ఏలనన చదువు తలయు అంతే ప్రక్కకు ఉన్నది. వేరు ఊరిలో, సరియైన డ్రైవులో పెట్టినపుడే తప్పు బయటపడును. ఒక అచ్చుకు సరిపడ పోసిన పడుగును మరియొక అచ్చుకు ఎక్కించినట్లగును. అందుచేత అనుభవము గలవారు డిస్కులను ఒక యంత్రములో వ్రాసి, వేరొక యంత్రములో తనిఖీ చేసెడివారు. మొదటి డిస్కుకు రెండు ప్రతులు ఉంచెడివారు. ఖాళీ డిస్కులు నాలుగైదు వెంట తీసికొని పోయెడివారు.

కాంపాక్టు డిస్కులు వచ్చి ఈ శ్రమను తగ్గించినవి. ఒక్క సీడీలో పట్టునది 400 పైగా ఫ్లాపీలకు సమానము. అయినను సీడీ నుండి నేరుగా ప్రారంభమగుట తొలినాళ్ళ కంప్యూటర్లకు తెలియదు. సీడీ చేతిలో ఉన్నను మొదటి మెట్టుకు ఒక ఫ్లాపీ కావలసివచ్చెడిది. ఈ లోపమును తీర్చుటకు 1995లో ఎల్ టొరీటో అను పద్ధతిని ప్రకటించినారు. అందులోని ఒక ఉపాయము సరదా అయినది. సీడీ లోపల ఒక ఫ్లాపీ ప్రతిబింబమును పెట్టి, తన ముందున్నది ఫ్లాపీయే అని కంప్యూటరును నమ్మించుట!

తెలుగువారు తమ భాషలో కనబడు నిర్వహణ వ్యవస్థను కూర్చుకొను నాటికి ఫ్లాపీ వెనుకబడినది. హైదరాబాదులో 2005లో ఏర్పడిన స్వేచ్ఛ అను సంస్థ లినక్సు ఆధారముగా మెనూలు, సూచనలు తెలుగులో ఉండు వ్యవస్థను తయారు చేసినది. కంప్యూటరు పదములకు తెలుగు మాటలను వెదకి కూర్చు పనిలో విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు శ్రమించినారు. తెలుగు లిపికి ప్రపంచ ప్రమాణమైన యూనికోడ్‌లో 1991లోనే 128 స్థానములు కేటాయింపబడినవి. నేడు వాడుకలో ఉన్న పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసికొనును. ఆ లెక్కన ఒక్క ఫ్లాపీలో 4,91,520 తెలుగు గుర్తులు పట్టును. ఒక పెద్ద నవలకు అది చాలును. నిర్వహణ వ్యవస్థకు ఏమాత్రము చాలదు.

1998లో ఆపిల్ సంస్థ ఫ్లాపీ లేని కంప్యూటరును అమ్మినది. 2011లో సోనీ ఫ్లాపీల తయారీని మానినది. ఇప్పుడు వేలెడంత యు.ఎస్.బి. పుల్లలో వ్యవస్థను వ్రాయుచున్నారు. ఆ పుల్ల మీద కూడ దస్త్రములను ఊరక నకలు చేసిన చాలక, పూర్తి ప్రతిబింబమును వ్రాయవలసి వచ్చుట తరచు కలదు. రారైట్ చేసిన పని వేరు పేరుతో సాగుచున్నది. శాన్ ఫ్రాన్సిస్కో నగరపు రైళ్ళను నడుపుటకు 1998లో అమర్చిన కంప్యూటర్లకు 2024లో కూడ ప్రతి ఉదయము 5.25 అంగుళముల ఫ్లాపీల నుండియే ఆజ్ఞలు ఎక్కించుచుండిరి.

ఫ్లాపీ నేతవారి ఇంటికి కూడ వచ్చినది. 1983లో మిలాన్ నగరమున జరిగిన యంత్రముల ప్రదర్శనలో బోనాస్ అను ఆంగ్ల సంస్థ ఎలక్ట్రానిక్ జకార్డును చూపినది. దానిలో రంధ్రముల అట్టలు లేవు. ఏ పోగు లేవవలెనో విద్యుదయస్కాంతములు నిర్ణయించును. ఆ తరువాతి కాలమున ఇట్టి మగ్గములకును, ఎంబ్రాయిడరీ యంత్రములకును పువ్వుల నమూనాలను ఫ్లాపీ మీద వ్రాసి అందించినారు. ఆ యంత్రములలో కొన్ని నేటికిని నడచుచున్నవి. మంచి ఫ్లాపీలు దొరకుట అరుదైనందున వాటి యజమానులు డ్రైవును ఊడదీసి, దాని స్థానమున యు.ఎస్.బి. పుల్ల పెట్టు చిన్న పెట్టెను బిగించుకొనుచున్నారు. మగ్గము మాత్రము తనకు ఫ్లాపీయే అందుచున్నదని అనుకొని నేయుచున్నది.